పేల్చే ఖాళీ చెయ్యాలి

ఏప్రిల్ నెల. బాల్కన్ కొండల మీంచి దిగిన పొగమంచు మధ్యాహ్నానికే ఊరిని మింగేసింది. రాగిపాత్రలు చేసే బోనా ఇంటి నేలమాళిగలో, కొవ్వొత్తి ముందు నెడెల్కో కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల బడిపంతులు. పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చేత్తోనే ఇవాళ చీకటి పడేలోగా మైనం వ్యాపారి స్టోయ్‌మెన్‌ని కాల్చాలి.

స్టోయ్‌మెన్ తిరుగుబాటు కబుర్లు సుల్తాను పోలీసులకు మోస్తున్నాడని అనుమానం. అనుమానమే, రుజువు లేదు. అయినా తిరుగుబాటుదార్ల కమిటీ అతన్ని చంపాలని చేతులెత్తి ఓటేసింది. ప్రజల తీర్పుకు అప్పీలు లేదని గర్జించింది. ఆ గదిలో ప్రజలు మాత్రం ఎవరూ లేరు. గొంతులే ఉన్నాయి.

బోనా రెండు రేకు డబ్బాలు బల్ల మీద పెట్టింది. రెంటిలోనూ రివాల్వర్ చక్రం వెనక మొనలకు తొడిగే రాగి టోపీలు; గుర్రం దెబ్బకి టోపీ పేలితేనే లోపలి మందు అంటుకుంటుంది.

"ఇవి బిగుతు, అవి వదులు. చూసి తొడుగు పంతులూ. మనవాళ్లున్నారే, వదులువాటినే వేళ్లతో నొక్కి తగిలించేస్తారు. దేశాన్ని ఉద్ధరించే తొందర్లో టోపీ సైజు ఎవడు చూస్తాడు!"

"నొక్కితే ఏమవుద్ది అక్కా?"

"బుద్ధి పుడితే పేలుద్ది. లేకపోతే రాలిపోద్ది. దర్జీ గాన్యుని అడుగు, చెప్తాడు."

నెడెల్కోకి నవ్వు రాలేదు. పోయిన శరత్కాలంలో గాన్యుని కూడా ఇలాగే అనుమానించి, పిండిమర దగ్గర కాల్చారు. మూడుసార్లు టోపీ పేలలేదు. నాలుగోసారి పేలింది. అంతసేపూ గాన్యు తుపాకి గొట్టంలోకే చూస్తూ నిలబడ్డాడట. అతను నిజంగా ద్రోహియో కాదో తర్వాత ఎవరూ విచారించలేదు.

వీధిలో కాపలాకి బోనా పైకెళ్లింది.

నెడెల్కో రివాల్వర్ చక్రంలో గుండు పట్టే ఒక గదిలో మందు పోశాడు. చిన్న అచ్చులో పోసిన గుండు పెడితే దానంతటదే జారిపోయింది. పనికిరాదు. అలాంటిది పెడితే ఒక గది మంట పక్క గదులకి పాకుతుంది, కాల్చినవాడి చెయ్యి పోతుంది. పెద్ద గుండు తీసి మీటతో అదిమాడు. అంచున సన్నటి సీసపు చుట్ట ఒలిచినట్టు ఊడి వచ్చింది. గుండు బిగిసింది.

ఇక టోపీ. తొందర్లో చేతికి వదులు టోపీయే అందింది. తీసి నొక్కబోయాడు.

మందు ఘాటులో ఇంకేదో వాసన కలిసింది. వానలో నానిన ఉన్ని కోటు వాసన. కొవ్వొత్తి మంట పక్కకు వాలింది. గాలి లేదు.

"అది కాదు పంతులుగారూ..."

చెవి వెనకే. మగ గొంతు.

"నాకు మూడుసార్లు తుస్సుమంది... నాలుగోదాని దాకా నిలబడ్డం... చాలా కష్టం..."

నెడెల్కో తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. బిగుతు టోపీల డబ్బా బల్ల మీద మెల్లగా జరిగింది. అతని చేతి దాకా వచ్చి ఆగింది.

"గాన్యూ... నువ్వు... ద్రోహం చేశావా?"

"ఇప్పుడా అడగడం?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. నెడెల్కో రివాల్వర్ కింద పెట్టేశాడు.

"నేను చంపను. మందు తీసేస్తాను."

"ఎక్కించింది తియ్యడం ఉండదు పంతులుగారూ... పేల్చే ఖాళీ చెయ్యాలి..."

కొవ్వొత్తి ఆరిపోయింది.

మళ్లీ ఒళ్లు తెలిసేసరికి నెడెల్కో మెట్లెక్కుతున్నాడు. రివాల్వర్ చేతిలోనే ఉంది. పైన బోనా గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, నావల్ల కాదు. రుజువు లేకుండా చంపను. కమిటీకి చెప్పెయ్."

బోనా మొహం పాలిపోయింది. "పరాచికాలా? స్టోయ్‌మెన్ పోయాడు. కొట్లోనే. ఒక్క దెబ్బ."

"ఎవరు కాల్చారు?"

"ఎవరేంటి? నా ముందు నించేగా వెళ్లావు, వచ్చావు! పిలిస్తే పలకలేదు. బూట్లెందుకు విప్పావురా అంటే వినపడనట్టే పోయావు."

"నేను కిందే ఉన్నా!"

అతను రివాల్వర్ తిప్పి చూశాడు. నింపిన గది ఖాళీ. నల్లటి మసి. ఇంకా వెచ్చగా ఉంది.

"ఎవడో తీసుకెళ్లాడు... తెచ్చి పెట్టాడు... నా బూట్లు చూడక్కా, ఎంత పొడిగా ఉన్నాయో! వీధి నిండా బురద. తిరిగొస్తే ఇలా ఉంటాయా?"

బోనా మెట్ల వైపే చూస్తోంది. వీధి గుమ్మం నించి నేలమాళిగలోకి వట్టి పాదాల బురద గుర్తులు.

నెడెల్కో కూలబడ్డాడు. ఎడమ బూటు లాగాడు. బయట తోలు పొడిగా ఉంది. లోపల మేజోడు లేదు. పాదం నిండా బురద... వేళ్ల సందుల్లో ఇంకా తడిగా, చల్లగా.

రెండో బూటు విప్పడానికి అతనికి చెయ్యి రాలేదు.