స్వామిదాసు బొటనవేలు

స్వామిదాసు పొద్దున్నే చాయ్ ముట్టకుండా షెడ్డుకు బయలుదేరాడంటే, ఆ రోజు ఇంట్లో ఎవరికో అక్షింతలు తప్పవు. ఈసారి ఆ భాగ్యం కూతురు ప్రేమజ్యోతిది. డిప్లొమా పూర్తిచేసిన పిల్ల వేరే ఉద్యోగం వద్దు, మొయినాబాద్‌లో తండ్రి మెకానిక్ షెడ్డే చాలంటోంది. ఆయన ససేమిరా అంటున్నాడు.

షెడ్డులో జైపాల్ సారు పాత అంబాసిడర్ వారం రోజులుగా మొండికేసి కూర్చుంది. ఇంజన్‌తో పాటు తిరిగే దాని పాత పెట్రోలు పంపు పాడైతే స్వామిదాసు ఎలక్ట్రిక్ పంపు బిగించాడు. అప్పటి నుంచి కార్బొరేటర్ పొంగి పెట్రోలు కారుతోంది. నిన్నయితే వేడి ఇంజన్ మీద పడి పొగ లేచింది.

"కొత్త పంపు జోరు ఎక్కువున్నది బాపూ. కార్బొరేటర్ మూడు పౌండ్లకంటె ఎక్కువ ఆగది. నడుమల జోరు తగ్గించే ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టాలె," అంది ప్రేమజ్యోతి, షెడ్డు తలుపు తీస్తూ.

"ముప్పై ఏండ్ల సంది గీ బండ్లే చేస్తున్న. ఒక్కదానికన్న రెగ్యులేటర్ పెట్టిన్నా?"

"పాత పంపుంటే అక్కర లేదు, నువ్వన్నది నిజమే. గిది పాత పంపు కాదు గద."

"జోరెంతున్నదో నా ఏలు చెప్తది. మీటర్లు చూసేటోళ్లతోని గీ పని కాదు. నువ్వు నౌకరీ చూస్కో."

టిఫిన్ డబ్బా తెచ్చిన సరోజమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మొగుడూ కూతురూ వాదులాడుకుంటుంటే మధ్యలో దూరకూడదని ఆమెకు ఏనాడో తెలిసింది.

స్వామిదాసు కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, దాని మూతికి బొటనవేలు అదిమిపెట్టి, కూతురిని పంపు ఆన్ చేయమన్నాడు. ఆ వేలికి చేవెళ్ల దాకా పేరుంది. ఆయన ప్రెషర్ ఎంతో చెప్పాక మీటరు పెట్టి చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. ప్రేమజ్యోతి చిన్నప్పటి నుంచీ ఆ వింత చూస్తూనే పెరిగింది.

"మూడు పౌండ్లు," అన్నాడు ఆమె మొహంలోకి చూస్తూ. "చుక్కన్న రాలేదు."

పెట్రోలు ఆయన వేలి పక్క నుంచి చిమ్మి, అరచేయంతా తడిపి, ధారగా కింద పడుతోంది. ఆ తడి ఆయనకు తెలియనే లేదు.

ప్రేమజ్యోతి గబగబా పంపు ఆపింది. మీటరు బిగించి చూస్తే ఏడు.

"బాపూ, చేతులు ఎన్నడి సంది తిమ్మిరెక్కినయి?"

స్వామిదాసు తడిసిన చేయి చూసుకున్నాడు.

"షుగర్ బిడ్డా. యాడాదైతున్నది. చెప్తే మీ అమ్మ షెడ్డు బంద్ చేపిస్తదని..."

సరోజమ్మ డబ్బా కింద పెట్టి, కొంగుతో ఆయన చేయి తుడుస్తూ ఏడ్చేసింది.

మధ్యాహ్నానికి ప్రేమజ్యోతి రెగ్యులేటర్ బిగించి, మీటరు మూడు చూపే దాకా దాని మర తిప్పింది.

"మీటరు తీసెయ్," అన్నాడు స్వామిదాసు. "నీ ఏలు పెట్టు."

పైపు మూతికి వేలు పెట్టి పంపు ఆన్ చేసింది. వేలి కింద పెట్రోలు మెత్తగా, ప్రాణమున్నదానిలా నెట్టింది. ఇన్నేళ్లూ నాన్న ఒక్క వేలితో పోల్చుకున్నది ఇంత సన్నటి ఒత్తిడినా అని విస్తుపోయింది.

"గదే మూడు. యాదికుంచుకో. నాకిగ తెల్వదు."

ఇంజన్ స్టార్ట్ చేసి పావుగంట నడిపినా చుక్క కారలేదు. స్వామిదాసు కారును చూడటం మానేసి, కూతురి చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

సరోజమ్మ కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. "బండి తోల్కపొమ్మని జైపాల్ సారుకు చెప్పాల్నా?"

"నన్నడుగుతవేంది?" అన్నాడు స్వామిదాసు. "చేసింది ఆమె. ఆమెనడుగు."