గోడకంటని పట్టీ

సాన్విక గారి వంటింట్లో పొయ్యి, పోపులపెట్టె, కూరగాయల బుట్ట అన్నీ గోడకే అంటుకుని ఉన్నాయి. బల్లిపట్టు వచ్చాక మేకు అన్నది మ్యూజియం సరుకైపోయింది. బల్లి పాదాల్లోని సన్నటి నూగును చూసి చేసిన పొర అది. కిందికి లాగినకొద్దీ గట్టిగా పట్టుకుంటుంది, పక్కకు మెలితిప్పితే ఊడొస్తుంది.

అన్నీ అంటుకునే ఆ ఇంట్లో వెంకాయమ్మ అదే పొరతో తయారుచేసిన వ్యాయామపు పట్టీ ఒక్కటే రోజూ ఊడిపడుతోంది. వెంకాయమ్మ కుర్ర ఇంజనీరు. పాత పేర్లు మళ్లీ ఫ్యాషనైన కాలంలో పుట్టింది. మిగతా ఇళ్లన్నిటా పట్టీ పరీక్ష నెగ్గింది. ఇక్కడ ఇవాళ కూడా పడిపోతే అది చెత్తబుట్టకే, ఆమె ఉద్యోగమూ దాని వెనకాలే.

సాన్విక గారి భుజం బిగుసుకుపోయింది. పట్టీ ఒక కొస ఎవరైనా పట్టుకుంటే రెండో కొస ఆవిడ లాగాలి. ఇన్నాళ్లూ పట్టుకున్నది భర్త రిత్విక్ గారు. వేసవిలో ఆయన చుట్టాల ముందు "ఆవకాయలో ఉప్పెక్కువైంది" అన్నప్పటి నుంచీ దంపతులకు మాటల్లేవు. వ్యాయామం వేళ ఆయన లెక్క చెప్పడం, ఆవిడ బదులివ్వడం మాత్రం మాటల కిందికి రావు. ఇప్పుడా కొస పట్టుకునే పని గోడది.

వెంకాయమ్మ పట్టీ అంటించింది. సాన్విక గారు లాగగానే టప్పున పడింది.

"నేను పట్టుకుంటాలే," అంటూ రిత్విక్ గారు పిలవని పేరంటానికి వచ్చినట్టు ప్రత్యక్షమయ్యారు.

వెంకాయమ్మ గోడను వేలితో రాసి చూసింది. మల్లెపూల పౌడరు! అది రాస్తే పొర పట్టు జారిపోతుంది. అదే వాసన రిత్విక్ గారి చొక్కా నుంచీ వస్తోంది. ఆయన్ని వరండాలోకి లాక్కెళ్లింది.

"ఏంటంకుల్ ఇది? నా కొంప ముంచుతున్నారు!"

"నా కొంప నువ్వు ముంచలేదేంటమ్మాయ్? ఆ కొస పట్టుకున్నప్పుడే కదా ఆవిడ నాతో మాట్టాడేది! అది కాస్తా గోడకిచ్చేశావ్."

వెంకాయమ్మకు జాలేసింది, ఒళ్లూ మండింది. గోడ శుభ్రంగా తుడిచి మళ్లీ అంటించింది. ఇక పడే ప్రసక్తే లేదు. అయినా పడింది. సాన్విక గారి మణికట్టు పక్కకు మెలితిరగడం ఈసారి ఆమె కళ్లారా చూసింది.

"మీరూనా ఆంటీ?" అని గుసగుసగా అడిగింది.

"ష్! గోడకి లెక్కపెట్టడం వచ్చా, పాడా?"

"మరి ఆయన్నే పిలవచ్చుగా!"

"పిలిస్తే ఉప్పెక్కువైందని ఒప్పుకున్నట్టు కాదూ?"

వెంకాయమ్మ వరండా వైపు తిరిగి గొంతు పెంచింది. "అంకుల్! కొత్త నియమం వచ్చింది. పట్టీ అంటించిన గోడ పక్కన ఒక మనిషి నిలబడి పది దాకా లెక్క చెప్పాలి. లేకపోతే పరీక్ష చెల్లదు." పచ్చి అబద్ధం.

రిత్విక్ గారు పరుగున వచ్చి నిలబడ్డారు. సాన్విక గారు లాగారు. పట్టీ కదల్లేదు.

"ఆరు... ఆరు..."

"ఆరు ఇందాకే అయిందండీ."

"ఏడు... ఎనిమిది... ఉప్పు సరిగ్గానే ఉంది సానూ... తొమ్మిది..."

సాన్విక గారు పదోసారి గట్టిగా లాగి పట్టీ వదిలేశారు. "ఈ ముక్క ఆ రోజే అనుంటే మీ సొమ్మేం పోయిందండీ?" అంటూ కళ్లొత్తుకున్నారు. పట్టీ మాత్రం గోడను వదల్లేదు.

నెగ్గిన సంతోషంలో ఉన్న వెంకాయమ్మను కూర్చోబెట్టి ఆవిడ ఆవకాయన్నం పెట్టారు. మొదటి ముద్దకే వెంకాయమ్మ కళ్లు గిర్రున తిరిగాయి. ఎదురుగా రిత్విక్ గారు తల ఎత్తకుండా మారు వడ్డించుకుంటున్నారు.

"ఉప్పు సరిపోయిందా అమ్మాయ్?" అని ఆవిడ అడిగారు.

వెంకాయమ్మ గోడకున్న పట్టీ వైపు ఒకసారి చూసింది.

"సరిగ్గా సరిపోయింది ఆంటీ," అని మంచినీళ్లు అడిగింది.