ఉమ్మేయకు, మింగు!

"ఛీ! ఉమ్మేస్తున్నాడు! కేకు చేసేవాడే ఉమ్మేస్తున్నాడు!"

ఆ కేకకి కౌంటరు దగ్గరున్న కేకులమ్మ చేతిలోని రిబ్బను చుట్ట జారి గుమ్మందాకా దొర్లింది. అయిపోయింది, ఇక షాపుకి తాళం పడ్డట్టే అనుకుంది. అద్దాల గోడ వెనక క్రీము కలుపుతున్నది ఆమె ఒక్కగానొక్క కొడుకు. అరిచిందేమో పక్కనున్న కళ్ళద్దాల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి.

కొడుకు మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "సింకులోనే ఉమ్మానండీ. చెంచా కూడా వేరే."

"అంత దరిద్రంగా ఉందా మీ క్రీము?"

"బాగుంది. బాగుంది కాబట్టే ఉమ్మేశా. నాకు షుగరుంది."

"ముప్పై కూడా లేవు మీకు!"

"వయసు చూసి రావాలని దానికి తెలీదు పాపం."

కేకులమ్మ నెత్తి కొట్టుకుంది. "మెల్లిగారా! నలుగురూ వింటే నీకు పిల్లనెవరిస్తారు?"

"నలుగురెక్కడాంటీ, విన్నది నేనొక్కదాన్నేగా" అని నవ్వేసిందా పిల్ల.

మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే బాక్సు పట్టుకుని వచ్చేది. ఉడికించిన గుడ్లు, ఆకులు, పుట్టగొడుగులు, గుప్పెడు బాదం పప్పులు. అతని బ్రెడ్డు ముక్కలు తీసి అవతల పెట్టేసేది.

"ఇదేంటండీ, మేకకి మేతా?"

"మేక చురుగ్గా ఉంటుంది. మీలా షుగరుకి చూపు మారి మాటిమాటికీ మా షాపులో కళ్ళద్దాలు మార్చుకోదు."

గాజు గోడలోంచి కేకులమ్మ అంతా చూస్తూనే ఉంది. కొడుకు బ్రెడ్డు మానేశాడు. బొజ్జ తగ్గింది. ఈల కూడా వేస్తున్నాడు! దాంతో ఆమెకి ఇంకా దిగులు పట్టుకుంది. ఈ పిల్ల జాలికొద్దీ వస్తోందేమో. రేపు రావడం మానేస్తే వీడేమైపోతాడు?

"నీ మనసులో మాట ఆమెతో చెప్పెయ్యరాదురా?" అనడిగింది.

"షుగర్ దారికొచ్చాక చెప్తానమ్మా. రోగిష్టివాణ్ణని జాలిపడి ఒప్పుకుంటే నాకొద్దు."

ఇక తన చేతిలో ఉన్నది తను చేసింది. మాత్రలు దగ్గరుండి మింగించింది, ఒక్క పూట కూడా తప్పనివ్వకుండా.

ఒకరోజు బయట వాన. అతను కేకు మీద క్రీముతో గులాబీలు పెడుతున్నాడు.

"అదేం గులాబీ అండీ, తొక్కేసిన చెప్పులా ఉంది!" అని ఏడిపించింది అమ్మాయి.

అతను నవ్వలేదు. చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

"ఎవరు మీరు? జరగండి పక్కకి!" అని కసిరాడు.

కేకులమ్మకి పై ప్రాణం పైనే పోయింది. "షుగర్ పెరిగిపోయింది! వాడికి తీపి వాసన కూడా తగలనీకండి!" అంటూ రెండు చేతులతో కేకుని కప్పేసింది.

అమ్మాయి కౌంటరు సొరుగులోంచి షుగర్ చూసే మీటరు తీసి అతని వేలికి సూది గుచ్చింది. అంకె చూసి అదిరిపడింది.

"పెరగలేదు, బాగా పడిపోయింది! కేకు మీద పోసే పంచదార పాకం ఎక్కడుంది? తొందరగా, అత్తయ్యా!"

ఇన్నాళ్ళూ విషమనుకున్న పాకాన్ని కేకులమ్మే గ్లాసులో పోసిచ్చింది. నోట్లో పడగానే అలవాటుకొద్దీ అతను సింకు వైపు తిరిగాడు.

"ఉమ్మావంటే చంపేస్తా! మింగు!"

మింగాడు. కాసేపటికి చెమట ఆరింది, చూపు తేటపడింది.

"ఇందాక ఎవరో నన్ను నువ్వు అన్నట్టుందే?" అన్నాడు నీరసంగా.

అమ్మాయి భోరుమంది.

సాయంత్రం ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

"మాత్రలు మానలేదుగా?"

"ఒక్క పూట కూడా!" అంది కేకులమ్మ గొప్పగా.

"మరి తిండి?"

"బ్రెడ్డు పూర్తిగా మాన్పించేశా!" అంది అమ్మాయి ఇంకా గొప్పగా.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ మాత్ర షుగర్ని కిందికి లాగుతుంది. మీ బాక్సూ లాగుతుంది. ఇద్దరూ చెరోవైపు నుంచి లాగి అబ్బాయిని పడగొట్టారు. తిండి మార్చేముందు నాకొక్క మాట చెప్పొద్దూ?"

పెద్దా లేదు చిన్నా లేదు, ఇద్దరి తలలూ ఒకేసారి వాలిపోయాయి.

"తిండి బాగుంది, అలాగే ఉంచండి. మాత్ర నేను తగ్గిస్తా. తగ్గిస్తానన్నా, మానేయమనలేదు. ఇంతకీ ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

కేకులమ్మ గొంతు సవరించుకుంది.

"మా కోడలు."

"అమ్మా! నేనింకా అడగనేలేదు!" కొడుకు కుర్చీలోంచి లేచిపోయాడు.

"అది నన్ను అత్తయ్యా అందిరా! నీ షుగర్ దారికొచ్చేదాకా ఆగితే నా గుండె ఆగుతుంది."

"అత్తయ్యా అన్నానా? నేనా?" అమ్మాయి నోరు తెరిచింది.

అతను ఆమె వైపు భయంభయంగా చూశాడు. "జాలిపడి మాత్రం ఒప్పుకోకండి."

"జాలా? చంపేస్తానన్నా కదా, వినపడలేదా?"

"అయితే... మన పెళ్ళి కేకు నేనే చేస్తా."

"చెయ్యి. కానీ ఆ రోజు ఒక్క చెంచా రుచి చూసి, మింగాలి."

"డాక్టరమ్మనడిగాకే!" అని అరిచింది కేకులమ్మ, డాక్టరమ్మ ఎదురుగానే.