తీసుకెళ్ళినవారి సంతకం

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో రోజూ జరిగే తంతే ఆ రోజూ జరిగింది. పాలగిన్నె పొయ్యి అంచుకి వచ్చిందని ఆవిడ లోపలికి జరిపింది. మాత్రల సీసా కింది అరలోంచి తీసి పై అరలో పెట్టింది. వీధి గేటు గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. ఇంట్లో పసిపిల్లలంటూ లేక ఇరవయ్యేళ్ళు దాటింది. అయినా ఆ చేతులు ఊరుకుంటే కదా!

"తనిఖీ అయిందా ఇనస్పెక్టరుగారూ?" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "ఈ ఏడాదికి మన కాపురానికి లైసెన్సు ఇస్తున్నట్టా, లేనట్టా?"

"మీరు తడి తువ్వాలు మంచమ్మీద పడెయ్యడం మానితే ఆలోచిస్తాను."

వీధిలో అందరూ ఆవిడని లైసెన్సులావిడ అనే అంటారు. పసిపిల్లల్ని పగలంతా చూసుకునే ఇళ్ళకి ప్రభుత్వం లైసెన్సు ఇస్తుందే, ఆ ఆఫీసులో ఉద్యోగం ఆవిడది. చెప్పాపెట్టకుండా వెళ్ళి, గేటు గడియ దగ్గర్నుంచి కుళాయిలో వేణ్ణీళ్ళ దాకా చూసి రిపోర్టు రాయాలి. అందులో ఆవిడకి సొంత పద్ధతి ఒకటుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఇప్పుడు ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారు?" అని అడుగుతుంది. రిజిస్టరు చూడకుండా చెప్పాలి. తర్వాత తనే తలలు లెక్కపెడుతుంది. ఆ పైన రిజిస్టరు తెరుస్తుంది. మూడు అంకెలూ ఒకటే అయితే ఆ ఇంటికి సగం పాసు మార్కులు వచ్చినట్టే. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ నేర్పే మొదటి పాఠం ఇదే.

అప్పుడే లోపలి గదిలో కూతురి ఫోను మోగింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది ఆ పిల్ల. పాతికేళ్ళు వచ్చినా అందరికీ పిచ్చుకే. చిన్నప్పుడు ముక్కున కరుచుకున్నంతే తినేదని మామ్మ పెట్టిన పేరు అది.

ఆ మామ్మ ఈ ఇంటికి చుట్టమేమీ కాదు. మూడు వీధుల అవతల, తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటుంది. నలభై ఏళ్ళుగా అదే ఆవిడ బతుకూ, సంబరమూ. పిచ్చుకని ఏడో నెలలో ఆవిడ ఒళ్ళో పెట్టి ఉద్యోగానికి వెళ్ళింది తల్లి. తండ్రికి ఆ రోజుల్లో సాయంత్రం డ్యూటీ. సాయంత్రం ఆరింటికి పిల్లలందర్నీ తీసుకెళ్ళిపోవాలని నియమం. ఆ నియమం పదిమందికి చెప్పే తల్లి మాత్రం ఏడింటికో, ఏడున్నరకో రొప్పుకుంటూ వచ్చేది. మామ్మ ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు.

పిచ్చుక ఫోనుతో బయటికొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మామ్మ ఇంటి గేటుకి నోటీసు అంటించారట. రేపట్నుంచి పిల్లల్ని చూసుకోవడానికి వీల్లేదట. మామ్మ కోడలు ఏడుస్తోంది."

తల్లి చేతిలో కప్పు మెల్లగా బల్లమీద పెట్టింది.

"అందులో ఎవరి రిపోర్టు అని ఉందో తెలుసా నాన్నా? నీ పెళ్ళానిది!"

"నెమ్మది, నెమ్మది..." అన్నాడు తండ్రి.

"ఏంటి నాన్నా నెమ్మది! ఏం దొరికిందమ్మా నీకు అక్కడ? గడియ వదులుగా ఉందా? నీళ్ళు వేడెక్కువయ్యాయా? నీ చేతికి కలమిస్తే చాలు, కన్నతల్లినైనా వదలవు కదా!"

"రూలు ప్రకారం రాశాను" అంది తల్లి. ఆ మాట తన చెవికే చెక్క ముక్కలా వినబడింది.

"రూలు! సాయంత్రం ఆరింటికి తీసుకెళ్ళాలన్నదీ రూలేగా. పాటించావా ఒక్కరోజు? నాకు పాలపళ్ళు ఊడినప్పుడు ఎవరి చేతిలో ఊడాయి? జ్వరమొస్తే ఎవరి భుజం మీద పడుకున్నాను? ఊళ్ళో పిల్లలందర్నీ లెక్కపెట్టుకుంటూ తిరిగావు. నీ పిల్లని లెక్కపెట్టిన మనిషి నోటి దగ్గర కూడు తీసేశావు!"

ఇరవయ్యేళ్ళుగా ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని భయపడుతున్న మాట అది. వచ్చేసింది.

"చెప్పెయ్యవే" అన్నాడు భర్త, నేల చూపులు చూస్తూ. "ఎన్నాళ్ళని లోపలే దాచుకుంటావు?"

ఆవిడ కుర్చీలో కూలబడి చెప్పింది.

తెలిసినవాళ్ళ ఇల్లు తనిఖీ చెయ్యకూడదని ఆఫీసులో కట్టుబాటు. అందుకే మామ్మ ఫైలు ఎప్పుడూ వేరే ఆయన చూసేవాడు. జేబులో నాలుగు పెన్నులు పెట్టుకు తిరిగే పెద్దమనిషి. మొన్నామధ్య ఆయన మోకాలి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. మామ్మ లైసెన్సు గడువేమో దగ్గరపడింది. 'ఎవరో కొత్తవాళ్ళు వెళ్ళి పెద్దావిడని కంగారు పెట్టడం ఎందుకు, నేనే వెళ్ళి సంతకం పెట్టేసి వస్తే పోలా?' అనుకుంది ఈవిడ. ఎవరికీ చెప్పకుండా ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరింది. ఉద్యోగంలో ఆవిడ తెలిసి చేసిన తప్పు అదొక్కటే.

గేటు దగ్గర మామ్మ ఎదురొచ్చి, "ఇవాళ ఇంత పెందలాడే వచ్చేశావేంటమ్మా!" అంది. పాత ఆలస్యాల మీద హాస్యమాడుతోందనుకుని ఈవిడ నవ్వేసింది. అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఎంతమంది పిల్లలున్నారు పిన్నిగారూ?"

"ఏడుగురు" అంది మామ్మ, తడుముకోకుండా.

లెక్కపెడితే ఆరుగురు. మళ్ళీ లెక్కపెట్టింది. మంచం కిందా, తలుపు వెనకా చూసింది. ఆరుగురే. రిజిస్టరు తెరిచింది. మామ్మ గుండ్రటి చేతిరాతలో ఏడు పేర్లున్నాయి. ఏడోది పిచ్చుక.

"కోడలు ఆ పూట డాక్టరు దగ్గరికెళ్ళింది" అంది తల్లి. "మామ్మ పాలగ్లాసులు ఏడు పెట్టింది. ఒకటి మిగిలిపోయింది. అంతే, కంగారుపడిపోయింది. 'పిచ్చుకా, పిచ్చుకా' అంటూ వీధిలోకి పరిగెత్తింది. గేటు బార్లా తీసి వదిలేసింది. ఆవిడ వెనకే రెండేళ్ళ పిల్లాడు రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. వ్యానొస్తోంది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. నా చేతిలో ఒక గుండీ ఊడొచ్చింది."

భర్త మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకి జరిపాడు.

"మర్నాడే నేను మామ్మకి తెలిసినదాన్నని కూడా ఒప్పుకుని రాసిచ్చాను. ఇంకో ఇద్దరు మళ్ళీ వెళ్ళి చూశారు. వాళ్ళకీ ఏడే చెప్పింది."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "అబద్ధం. ప్రతి ఆదివారం వెళ్తున్నాను నేను. మామ్మ నిక్షేపంలా ఉంది. నా జడ అల్లుతుంది, చేతులు కడుగుతుంది, పాలు తాగేదాకా పక్కనే కూర్చుంటుంది..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఒక్క క్షణమే. మరుక్షణం చెప్పులేసుకుని గేటు ధడేల్మని వేసుకుంటూ వెళ్ళిపోయింది. గడియ పడలేదు. తల్లి వెళ్ళి వేసింది.

ఆ రోజు ఆఫీసులో ఆవిడ ఏ పని చేసిందో ఆవిడకే తెలీదు. సొరుగులో ఓ కాగితం పొట్లంలో ఆ నీలం గుండీ ఉంది. తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. రాసింది తప్పు కాదని తెలుసు. తప్పు కానంత మాత్రాన నొప్పి తగ్గుతుందా? తన బిడ్డని పెంచిన మనిషి నలభై ఏళ్ళ పేరుని తను నాలుగు వాక్యాల్లో కొట్టేసింది. ఆ వాక్యాలన్నీ నిజాలే. అదే ఏడిపిస్తోంది.

ఏడింటికి ఫోనొచ్చింది. అప్పటికి ఆఫీసులో ఆవిడొక్కతే ఉంది.

"అమ్మా" అంది పిచ్చుక. గొంతులో పొద్దుటి నిప్పులు లేవు. "నువ్వోసారి రాగలవా? మామ్మ అన్నానికి లేవనంటోంది. తలుపు వెయ్యనివ్వట్లేదు. ఇంకో పిల్లని తీసుకెళ్ళలేదు, వాళ్ళమ్మ రావాలి అంటోంది."

"నువ్వు పక్కనే ఉన్నావుగా?"

"ఉన్నాను. నన్ను చూస్తూనే అంటోంది. 'ఏడవకు, అమ్మ వచ్చేస్తుంది, పనెక్కువై ఉంటుంది' అని నాకే చెబుతోంది అమ్మా!" పిల్ల భోరుమంది.

ఆవిడ బ్యాగు సర్దుకోలేదు. బస్సు కోసమూ ఆగలేదు. యాభై దాటిన మనిషి, ఆ వీధులన్నీ పాతికేళ్ళ కిందటిలాగే రొప్పుకుంటూ నడిచింది.

మామ్మ ఇంటి వరండాలో దీపం వెలుగుతోంది. నోటీసు గేటుకే ఉంది. లోపల చిన్న బల్ల మీద మామ్మ, పక్కన పిచ్చుక. పిచ్చుకకి రెండు జడలు వేసి ఉన్నాయి. మామ్మ ఒళ్ళో రిజిస్టరు. కోడలు తలుపు పక్కన నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఆర్నెల్ల నుంచి ఇంతేనండీ" అంది కోడలు, రహస్యంగా. "అందరూ వెళ్ళిపోయినా కూర్చునే ఉంటారు. నిద్ర ముంచుకొస్తే నేను లోపలికి తీసుకెళ్తాను. సగం రోజులు తిండి లేదు. ఎవరికైనా చెబితే పిల్లల్ని పంపరని భయపడి దాచాను. తప్పే."

"తప్పు మీ ఒక్కరిదే కాదులెండి" అంది ఆవిడ.

పిచ్చుక లేచొచ్చి రిజిస్టరు తల్లి చేతికిచ్చింది. ఆవిడ పేజీలు తిప్పింది. ఎన్ని వందల ఇళ్ళలో తిప్పిందో ఇలాంటి పేజీలు. పిల్ల పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, తీసుకెళ్ళినవారి సంతకం. ఆ ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఎంతమందిని నిలదీసింది! ఇక్కడ ప్రతి పేజీలో, ప్రతి తారీఖుకీ ఆఖరి పేరు పిచ్చుకదే. వచ్చిన టైము ఎనిమిది. వెళ్ళిన టైము లేదు. సంతకం లేదు. ఆరు నెలల ఖాళీ గడులు.

ఆ రోజు తనిఖీలో పేరు చూసి బెదిరిపోయిందే గానీ పక్క గడి చూడలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చూడకుండా వదిలేసిన గడి అదొక్కటే. అది తన సంతకం గడి.

ఆవిడ మామ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయింది.

"ఆలస్యమైంది పిన్నిగారూ" అంది. మామ్మ మోకాళ్ళ మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

"అయ్యో, దానికి ఏడుస్తారా ఎవరైనా?" మామ్మ ఆవిడ తల నిమిరింది. "ఉద్యోగం చేసుకునేదానివి. పరిగెత్తుకుంటూ వస్తావని నాకు తెలీదా? పిల్ల బంగారం. ఒక్కసారే అడిగింది నీ కోసం. ముందు మంచినీళ్ళు తాగు."

పిచ్చుక నీళ్ళు తెచ్చింది. గ్లాసు అందిస్తూ తల్లి పక్కనే నేల మీద కూర్చుంది. తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సంతకం పెట్టమ్మా" అంది మామ్మ, పెన్ను అందిస్తూ. "లెక్క తేడా వస్తే మీ లైసెన్సువాళ్ళు ఊరుకోరు."

ఆవిడ ఆ రోజు గడిలో టైము రాసింది. ఏడూ ముప్పై అయిదు. పక్కన సంతకం పెట్టింది. మామ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, వేలితో ఒక్కో పేరూ తాకుతూ లెక్కపెట్టుకుని, రిజిస్టరు మూసేసింది.

"హమ్మయ్య. అందరూ వెళ్ళిపోయారు" అంది. వరండా దీపం తన చేత్తోనే ఆర్పింది. కోడలి వైపు తిరిగి, "ఆకలేస్తోంది, పెట్టు" అంది. ఆ మాట వినగానే కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

తల్లీకూతుళ్ళు గేటు దాకా వచ్చాక వెనక నుంచి మామ్మ కేకేసింది. "రేపు తీసుకొస్తావుగా పిల్లని?"

పిచ్చుకే చెప్పింది. "వస్తాను మామ్మా. పని కాగానే వచ్చేస్తాను."

ఆవిడ గేటు మూసి గడియ పెట్టింది. లాగి చూసింది. ఈసారి పక్కనుంచి ఇంకో చెయ్యి కూడా వచ్చి లాగి చూసింది.

"పొద్దున్న నోటికొచ్చినట్టు అన్నాను" అంది పిచ్చుక.

"ఉన్న మాటే అన్నావు."

"కాదు. మామ్మ నా జడ అల్లుతున్నప్పుడల్లా, 'మీ అమ్మ ఎంతసేపటికొస్తుందే?' అని అడిగేది. మాటవరసకి అడుగుతోందనుకున్నాను. నాకే తెలియలేదమ్మా. ప్రతి ఆదివారం వెళ్ళినా."

తల్లి కూతురి జడలు రెండూ ముందుకి తీసి వేసింది. మలుపు తిరిగాక పిచ్చుక అడిగింది.

"రేపు ఎన్నింటికి వస్తావమ్మా నన్ను తీసుకెళ్ళడానికి?"

"ఆరు లోపలే."

"నిజంగానా?"

చిన్నప్పుడు రోజూ పొద్దున్నే మామ్మ గుమ్మం దగ్గర, ఇలాగే అడిగేది. అప్పుడు ఆవిడ గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయేది.

"నిజంగానే" అంది.