నీళ్ళల్లోంచి వచ్చిన మాట

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇంట్లో ముగ్గురున్నారు. ముగ్గురిలో ఒక్కరూ పొయ్యి ఆర్పలేదు. ముందు నోళ్ళు లేచాయి.

"నేను దేవుడి దగ్గర ఉన్నాను. పాల సంగతి నాకు తెలీదు," అన్నారు అత్తగారు మహాలక్ష్మమ్మ, మణికట్టు నోటి దగ్గరకు తెచ్చుకుని.

"నేను జడేసుకుంటున్నాను. పొయ్యి మీద ఏముందో నాకెవరూ చెప్పలేదు," అంది కూతురు చారుమతి, అంతకన్నా గట్టిగా.

సువర్చల తడితలకు తువ్వాలు చుట్టుకుంటూనే, "మంట తగ్గించే స్నానానికి వెళ్ళాను," అంది. తగ్గించిందో లేదో ఆమెకే జ్ఞాపకం లేదు.

వంటింటి గోడకున్న తప్పుతూనిక కాసేపు మినుకుమంది. తరువాత పెళ్ళిపిలుపు చదివినంత మర్యాదగా తీర్పు చెప్పింది. "పాలు పొంగుట. గిన్నె, పొయ్యి కలిసి పది పాళ్ళు. మిగిలిన తొంభై చిన్నమ్మడు."

చిన్నమ్మడు పనిమనిషి. ఆమె ఇంకా పనిలోకే రాలేదు. గిన్నె నిన్న సరిగా తోమలేదట, అందుకని పాలు అడుగంటి పొంగాయట. కాదనడానికి ఆమె నోరు అక్కడ లేదు కనుక నింద వెళ్ళి ఆమె నెత్తిన కూర్చుంది. ముగ్గురూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని అప్పుడు పొయ్యి ఆర్పారు.

ఆ రోజుల్లో లోకమంతా ఇలాగే ఏడిచింది. ప్రతి గోడకీ ఒక తూనిక, ప్రతి మణికట్టుకీ దాని పిల్ల, శనగగింజంత తూనికపూస. బడిలో పిల్లవాడు జారిపడినా, ఆస్పత్రిలో రోగి పోయినా, మొగుడూపెళ్ళాలు తిట్టుకున్నా ఎవరి తప్పెంతో అక్కడికక్కడే తూచి చెప్పేది. ఎవరి పాలు వాళ్ళ 'మోత'లో కలిసేది. మోత హద్దు దాటితే పడవవాడికి వేట అనుమతి పోయేది, పిల్లకు కాలేజీ సీటు పోయేది, అద్దెకు ఇల్లు పుట్టేది కాదు. కోర్టులు మూతపడ్డాయి, గొడవలు తగ్గాయి, అందరూ ఆహా అన్నారు. నోరుంటే తల కాస్తుందని పెద్దలు సామెత చెబితే, ఈ కాలం దాన్ని బతుకుతెరువు చేసుకుంది. పసిపిల్లకు అమ్మా నాన్నా అనడం రాగానే "నా తప్పు లేదు" అనడం నేర్పేవారు. ఆ మాట పలికిన రోజున చుట్టాలను పిలిచి భోజనాలు పెట్టే ఆచారం కూడా పుట్టింది. ఆ విందుల్లో బూరెలు తిని, బిడ్డ ఎంత చక్కగా అబద్ధమాడిందో అని మురిసిపోయేవారు.

తూనిక పుట్టింది మాత్రం వంటింటి కోసం కాదు, విమానాల కోసం. ఈ దేశంలో విమానం ఎగరడం మొదలైన నాటినుంచి కూలిన ప్రతి విమానం కథా దానికి పోశారు. మంచులో కొండను కొట్టుకున్నవి, వానలో రన్‌వే దాటి లోయలోకి జారినవి, గద్ద దూరి ఇంజన్ ఆగిన యుద్ధవిమానాలు, కుర్రపైలట్లను పొట్టనపెట్టుకున్న శిక్షణవిమానాలు, అన్నీ. పౌరులదని, సైన్యానిదని తేడా లేకుండా విచారణ నివేదికలన్నీ మింగి కారణం తూచడం నేర్చుకుంది. అక్కడ భేషుగ్గా పనిచేసిందని ఇళ్ళలోకి తెచ్చుకున్నారు.

విశాఖ సముద్రపు ఒడ్డున ఆ చరిత్రనంతా నల్లరాతి గోడ మీద చెక్కించారు. దాని పేరు గగనస్మృతి. కూలిన ప్రతి విమానం పేరు, దాని కింద ఎవరి తప్పు ఎన్ని పాళ్ళో. ఆ గోడను చూసుకునే మండలిలోనే సువర్చల ఉద్యోగం. కొత్త సాక్ష్యం దొరికిన పాత ప్రమాదాలను మళ్ళీ తూనికకెక్కించడం ఆమె పని. ఆ వారం గోడ మీద చెక్కబోతున్న వరస ఆమె భర్త ఫల్గుణరావుది.

నౌకాదళంలో హెలికాప్టర్ పైలట్ అతను. వానాకాలంలో ఒక సాయంత్రం, మనుషులెవరూ లేకుండా తనంతట తాను ఎగిరే ఒక ప్రైవేటు గాలిబస్సు అతని హెలికాప్టర్‌కు తగిలింది. గాలిబస్సు రెక్క విరిగి కూడా ఒడ్డుకు చేరింది, హెలికాప్టర్ సముద్రంలో పడింది. శవం మరునాడు దొరికింది. విచారణలో కంపెనీ మాట్లాడింది, వాతావరణ శాఖ మాట్లాడింది, దగ్గర్లో ఉన్న చేపలపడవ మాట్లాడింది. ఫల్గుణరావు మాట్లాడలేదు. తొంభై రెండు పాళ్ళు అతనికే పడ్డాయి.

"నాన్న పేరు కింద అంత పెద్ద అంకె పడితే నేనా రోడ్డు మీద నడవను," అంది చారుమతి ఆ ఉదయం బడికి వెళ్తూ. "నువ్వక్కడే పనిచేస్తున్నావు కదమ్మా!"

కొత్త గొంతు వినిపిస్తే తప్ప తూనిక మళ్ళీ తూచదు. ఎవరైనా బతికున్న మనిషి వచ్చి ఫల్గుణరావు పక్షాన ఒక్క మాట చెప్పాలి. ఆ మాట కోసమే సువర్చల నెలరోజులుగా ఆ చరిత్రను మొదటినుంచీ చదువుతోంది. చదివేకొద్దీ ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ కనబడుతోంది.

ఆఫీసుకు వెళ్ళగానే పైఅధికారి పట్నాయక్ గారి గదిలోకి నడిచింది. ఆయన బత్తాయి ఒలుచుకుంటున్నారు.

"ఈ రెండు ప్రమాదాలు చూడండి సార్," అంది. "రెండూ ఒకే రకం యుద్ధవిమానాలు. రెండింటిలోనూ గద్దే దూరింది. మొదటిదాంట్లో పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు, తప్పంతా గద్దది. రెండోదాంట్లో పైలట్ చచ్చిపోయాడు, తప్పంతా పైలట్‌ది. ఇలాంటివి కొల్లలుగా ఉన్నాయి. బతికినవాడు తన మాట చెప్పుకున్నాడు, చచ్చినవాడు చెప్పుకోలేదు. పాత విచారణలు చేసిన పాపం అది. తూనిక దాన్నే సూత్రంగా నేర్చుకుంది."

"అది మనకు తెలియనిదా అమ్మా?" అన్నారాయన, తొన నోట్లో వేసుకుంటూ. "మొదటి ఏడాదే తెలుసు. సరిచేద్దామా అని పెద్ద సభ కూడా పెట్టారు. అందరూ వద్దన్నారు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? తప్పు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. బతికున్నవాడి మీద దిగితే వాడి ఉద్యోగం, పిల్లల చదువు, అన్నీ కూలతాయి. పోయినవాడికి పోయేదేముంది? ఎంత పెట్టినా మోస్తాడు పాపం."

చచ్చినవాడి కళ్ళు చారెడు అని చెప్పుకునే జాతి ఇది. ఎంత వెధవనైనా పోయాక మంచివాడే అనేవారు. ఇప్పుడు పాడె ఎక్కిన ప్రతివాడి మీదా ఊరి చెత్తంతా పోస్తున్నారు. పోసినవాళ్ళే బత్తాయి తింటున్నారు. సువర్చలకు ఆ వాసన కూడా వెగటు పుట్టించింది.

"ఇంకొకటి అడగాలి సార్. పాత రోజుల్లో విమానం కూలితే ఎవరో ఒకరు బయటపడేవారు. చుట్టుపక్కల పొలాల్లో వాళ్ళు మంచాలు, దుప్పట్లు పట్టుకుని పరిగెత్తేవారు. మంటల్లోంచి లాగేవారు. నివేదికల నిండా వాళ్ళ పేర్లే. తూనిక వచ్చాక విమానాలు కూలడం తగ్గింది, నిజమే. కానీ కూలినవాటిలోంచి ఒక్కరూ ప్రాణంతో బయటికి రాలేదు. ఒక్కరంటే ఒక్కరు. బతికినవాళ్ళేరి సార్?"

పట్నాయక్ గారి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఆయన తొన కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, మణికట్టు పైకెత్తారు.

"ఈ ప్రశ్న నేను అడగలేదు," అని పూసకు చెప్పుకున్నారు. తరువాత ఆమె వైపు చూడకుండా, "నువ్వు వెళ్ళిరా అమ్మా," అన్నారు.

ఆమె తిన్నగా ఉప్పరేవు వెళ్ళింది. విచారణలో మాట్లాడిన చేపలపడవ ఆ పల్లెది. దాని యజమాని మైలపల్లి నూకన్న ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే అతని తల్లి ఎండుచేపలు తిరగేస్తోంది. కాస్త దూరంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు బుట్టలు కడుగుతున్నారు. తాను ఎవరో చెప్పి, సువర్చల అతని ఎదురుగా కూలబడింది.

"మీరు చేరేసరికి మనిషి లేడని సాక్ష్యం చెప్పారు. నేను దెబ్బలాటకు రాలేదు. ఆయన పక్షాన చెప్పడానికి ఒక్క మాటైనా ఉందేమోనని వచ్చాను."

నూకన్న వలలోంచి తల ఎత్తలేదు. "మేం సేరీసరికి లేడు, నిజఁవే. సేరడానికి ముందు ఉన్నాడమ్మా."

"అంటే?"

"అంటే ఏటుంది? బతికే ఉన్నాడు. ఇరిగిపోయిన ముక్క ఒకటి పట్టుకుని తేల్తన్నాడు. మేం కూతేటు దూరంలో ఇంజన్ ఆపీసి ఉండిపోనాం."

అతను దాచాలని కూడా అనుకోలేదు. ఆగడం తూనిక లెక్కలోకి రాదు. ఎవరినీ కొట్టలేదు, తొయ్యలేదు, ముంచలేదు. ఆగినవాడికి పాళ్ళు పడవని ఆ సముద్రం మీద ప్రతి పడవకూ తెలుసు.

సువర్చల ముందుకు వంగింది. "ఆపి?"

"ఆపి ఆగినాం. మా అన్న కతేటో మీకు తెల్దు. అప్పుడెప్పుడో ఏరే పడవలోంచి ఒకడు నీళ్ళల్లో పడితే ఒడ్డుకి తెచ్చినాడు. ఆడు బతికి, లేచి కూకుని, మీ పడవ లైటు కళ్ళల్లో కొట్టబట్టే పడిపోనానన్నాడు. అన్నకి మోత దాటిపోనాది, ఏట అనుమతి తీసీసినారు. కూలికి పోయి బతుకుతన్నాడు. పడినోడు బతికితే మాటాడతాడమ్మా. మాటాడితే మన కొంపకే సుట్టుకుంటాది. అందుకే ఆగుతాం. అందరూ అంతే."

ముసలామె చేపల మీదినుంచి లేచి ఇసుకలోకి థూ అని ఉమ్మింది. "మా మావ బతికున్న రోజుల్లో నీళ్ళల్లో శవం కనపడినా వల ఇడిసీసి ఒడ్డుకి తెచ్చీవోడు. గంగమ్మ ఒప్పదని. ఈళ్ళు బతికున్నోడ్ని సూసుకుంటా బీడీ కాల్సినారు. నా కడుపున పుట్టినాడు, సెప్పుకోడానికి సిగ్గు."

"నువ్వూరుకోయే," అన్నాడు కొడుకు. అతనూ మణికట్టు ఎత్తి పూసతో ఏదో గొణుక్కున్నాడు.

సువర్చలకు అతన్ని చూస్తే అసహ్యం వేసింది. అతని పళ్ళు, అతని వేళ్ళు, అతను సూదితో వల కుట్టే నేర్పు, అన్నీ అసహ్యంగా ఉన్నాయి. అయినా తాను వచ్చిన పని ఉంది. ఫల్గుణరావు బతికే ఉన్నాడు. బతికినవాడు ఏదో ఒకటి అనే ఉంటాడు. ఆ మాట దొరికితే అదే కొత్త గొంతు, గోడ మీద అంకె మారుతుంది, పిల్ల తలెత్తుకుని నడుస్తుంది.

"ఆయన ఏమన్నాడు? కాపాడమని అరిచాడా?"

నూకన్న మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. అతని కళ్ళలో తప్పు చేసిన భావం లేదు, ఒకరకమైన ఆశ్చర్యం ఉంది.

"అదేనమ్మా. మీకు సెప్పకూడదు గానీ, కాపాడండి అనుంటే ఎల్లీవోళ్ళఁవే. మేఁవూ మడుసులఁవే గదా, గుండాగదు. మా బావమర్ది అప్పటికే తాడు తీసినాడు. కానీ ఆ బాబు ఒక్కసారీ ఆ మాటన్లేదు. సెయ్యి పైకెత్తి, పూస నోటికాడ పెట్టుకుని, 'నా తప్పు లేదు, గాలిబస్సే తగిలింది, నా తప్పు లేదు' అని అరుత్తానే ఉన్నాడు. కెరటం మింగినా మళ్ళీ పైకొచ్చి అదే మాట. ఈడు గట్టివోడురా, బతికితే మనకీ ఏదో ఒకటి అంటగడతాడు, అన్నాడు మా బావమర్ది. తాడు మళ్ళీ సుట్టీసినాడు."

"పూస విన్లేదా?"

"ఉప్పునీళ్ళు దూరీసినాయేమో. దానికి ఇనపళ్ళేదు. మాకు ఇనపడినాది."

సువర్చల లేచి నిలబడింది. భర్త మొహం గుర్తొచ్చింది. ఇంట్లో గ్లాసు పగిలినా ముగ్గురికన్నా ముందు అతనే అరిచేవాడు. దానికి అతన్ని అందరూ మెచ్చుకునేవారు, మాటకారి అని. ఒంట్లో మిగిలిన ఊపిరంతా ఆ మాటకే ఖర్చుపెట్టాడు. రెండక్షరాలు తక్కువ పలికి, రమ్మని చెయ్యి ఊపి ఉంటే సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు. ఆమెకు నూకన్న మీద అసహ్యం వేసింది. ఫల్గుణరావు మీదా వేసింది. మండలి మీద, గోడ మీద, ఆ గోడకు పాలిష్ పెట్టి జీతం తీసుకుంటున్న తన చేతుల మీదా వేసింది. కడుపులో ఉన్నదంతా ఎగదన్నుకొచ్చింది. పడవకు చెయ్యి ఆనించి, వంగి, భళ్ళున వాంతి చేసుకుంది.

బుట్టలు కడుగుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. ఒక్కరూ దగ్గరకు రాలేదు. అందరి మణికట్లూ ఒక్కసారిగా నోళ్ళ దగ్గరకు లేచాయి.

"నాను ఆవిడకి తినడానికి ఏటీ ఎట్టలేదు."

"నాను దూరంగా ఉన్నాను."

"ఎండలో ఒచ్చినాది. ఆవిడే ఒచ్చినాది."

సువర్చల మళ్ళీ వాంతి చేసుకుంది. కళ్ళు తిరిగి మోకాళ్ళ మీద కూలింది. నోరంతా చేదు. ముసలామె మాత్రం చెంబుతో పరిగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడింది. ఆ చెంబులో నీళ్ళు సువర్చలకు కనబడుతూనే ఉన్నాయి. అడగడానికి నోరు తెరిచింది. చెయ్యి దానంతటదే పైకి లేచి పూసను పెదాల దగ్గరకు తెచ్చింది.

"నా తప్పు లేదు," అంది.

ముసలామె ఆ చేతిని పట్టుకుని కిందికి లాగింది. లాగుతూ ఏడుస్తోంది.

"నీళ్ళడుగు తల్లీ," అంది. "నీళ్ళడుగు."