అరగంట కదలకు

సూదితో బతికేదాన్ని, సూదికి భయపడతానా? ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. వేలిలో సూది దిగితే చప్పరించి పనిలో పడే రకం నేను. అందుకే డాక్టరమ్మ నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ అని తేల్చి, "వారానికి మూడు ఇంజెక్షన్లు, నువ్వే పొడుచుకోవాలి" అన్నప్పుడు, "జాకెట్టుకి చేతులు ఎక్కించడం కన్నా కష్టమా ఏంటి?" అన్నాను. మా ఆయన నవ్వాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి నరాల మీది పొరని తినేసే జబ్బది. నా ఎడమ కాలు అప్పటికే మొద్దుబారింది. ఇంజెక్షన్లు వాడితే జబ్బు నెమ్మదిస్తుందట.

"కానీ జాగ్రత్త," అంది డాక్టరమ్మ. "ఏళ్ల తరబడి పడిన మందే ఉన్నట్టుండి ఒకరోజు పడకపోవచ్చు. దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం వస్తే క్షణం ఆగకుండా రావాలి. పొడుచుకున్నాక ఒక అరగంట పక్కన ఎవరో ఒకరు ఉండండి."

మా అత్తయ్యకి చూసి రమ్మంటే కాల్చి వచ్చే స్వభావం. ఆ మాట ఇంటికొచ్చేసరికి 'అరగంట కదలకూడదు' అయి కూర్చుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఐదున్నరకే ఫ్రిజ్‌లోంచి సిరంజి తీసి, చల్లదనం పోవాలని అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చునేది. ఒకేచోట పొడిస్తే చర్మం గుంట పడుతుందని, గోడకి అంటించిన మనిషి బొమ్మ కాగితం మీద ఈవేళ ఎక్కడ పొడవాలో నీలం పెన్సిలుతో చుక్క పెట్టేది. సరిగ్గా ఆరింటికి నేను పొడుచుకోగానే నా ఎడమ మణికట్టు పట్టుకుని, గోడ గడియారం మీదే కళ్లు పెట్టేది.

లేవబోతే, "అరగంట కాలేదు. కదలకు."

"మీరు పోలీసు ఉద్యోగం చెయ్యాల్సింది అత్తయ్యా!"

"చేస్తే ముందు నిన్నే లోపలేసేదాన్ని. కదలకు."

ఆ గడియారానికి అద్దం ఎప్పుడో పగిలింది. వెనకబడితే అత్తయ్యే వేలితో ముల్లు జరిపేది. బ్యాటరీ మార్చేదీ ఆవిడే.

నాలుగేళ్లు అలా గడిచాయి. మూడు నెలల క్రితం అత్తయ్య నిద్రలోనే పోయింది. తర్వాత కొన్నాళ్లకు గడియారం ఆరూ పదికి ఆగిపోయింది. "రేపు బ్యాటరీ తెస్తా" అన్నాడు మా ఆయన. ఆయన రేపు ఎప్పుడొచ్చింది గనక!

ఆ సోమవారం సాయంత్రం ఒకటే వాన. మా ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు, డ్యూటీకి వెళ్లాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. నాలుగేళ్లుగా కానిది ఈవేళే అవుతుందా అనుకున్నాను. నడిమి గదిలో గడియారం కింద, నా కుట్టు బల్ల దగ్గర కూర్చుని కుడి తొడలో పొడుచుకున్నాను.

సిరంజి పక్కన పెట్టానో లేదో, వాసన. మోకాళ్లకి అత్తయ్య రాసుకునే నొప్పుల తైలం వాసన. ఆ సీసాని నా చేత్తో నేనే పారేశాను.

పక్క కుర్చీ కిర్రుమంది... ఎవరో కూర్చున్నట్టు.

చిన్నగా నవ్వుకున్నాను కూడా. పిచ్చిదానా, తలుచుకుంటే అన్నీ అలాగే వినిపిస్తాయి అని. అప్పుడు మెడ మీద దురద మొదలైంది. చెవుల దాకా పాకింది. పెదవులు బరువెక్కాయి. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరి అందడం లేదు.

అదే. డాక్టరమ్మ చెప్పింది అదే.

ఫోను ముందు గదిలో ఛార్జింగులో ఉంది. పది అడుగులు. లేవబోయాను.

లేవలేకపోయాను.

ఎడమ మణికట్టు చుట్టూ పట్టు. కుర్చీలో ఎవరూ లేరు. పట్టు మాత్రం ఉంది... ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి.

"అరగంట కాలేదు," గుసగుసగా, చెవి పక్కనే. "కదలకు."

"అత్తయ్యా... వదలండి... ఊపిరి..."

"కదలకు."

లాగాను. ఏడ్చాను. బతికుండగా నాకోసం ప్రాణం పెట్టిన మనిషి, ఇప్పుడు నా ప్రాణం పోతుంటే పట్టుకుని కూర్చుంది. నా ముఖం వైపు చూడటం లేదని తెలుస్తోంది. చూపంతా గడియారం మీదే.

నేనూ చూశాను.

ఆరూ పది.

ఆగిపోయిన గడియారంలో అరగంట ఎప్పటికవుతుంది?

బల్ల మీద నా కొలత కర్ర ఉంది. కుడి చేత్తో అందుకున్నాను. కళ్లు వాచి ముల్లు రెండుగా కనిపిస్తోంది. ఒకసారి జారింది... మళ్లీ జారింది... మూడోసారి కర్ర కొస ముల్లుకి తగిలింది. నెట్టాను. ఆరూ ఇరవై. గొంతులోంచి ఈల లాంటి శబ్దం. ఆరున్నర. నెట్టాను.

ఆరూ నలభై.

పట్టు వదిలింది.

నెమ్మదిగా, ఎప్పుడూ వదిలినట్టే, అరచేతి మీద చిన్నగా తట్టి మరీ వదిలింది.

పాక్కుంటూ వెళ్లి వీధి తలుపు తీశాను. ఎదురింటి టీచరుగారు నన్ను చూసి గొడుగు వదిలేసి పరిగెత్తుకు రావడం వరకే గుర్తుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకు కాదు, మా ఆయనకి పెట్టింది గడ్డి. "ఒంటరిగా ఎలా వదిలేశావయ్యా? ఆ మందు ఇంకొక్కసారి పడితే మనిషి దక్కదు," అంది. ఇకమీదట మాత్రలేనట. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఫ్రిజ్‌లో మిగిలిన సిరంజిలన్నీ పెట్టెతో సహా తెచ్చి ఆసుపత్రిలో అప్పగించాడు. నా కళ్లతో చూశాను. ఒక్కటీ మిగల్లేదు.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చాం. ముందు గదిలో చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి టిక్... టిక్... అని వినిపించింది.

"పోనీలే, ఇన్నాళ్లకి బ్యాటరీ వేశావు," అన్నాను.

ఆయన తాళాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఎక్కడ? నేనింకా తేనే లేదు."

నడిమి గదిలోకి వెళ్లాను. గడియారం సరిగ్గా ఆరు చూపిస్తోంది. కింద రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఉన్నాయి. గోడమీద కాగితంలో, బొమ్మ ఎడమ తొడ మీద, కొత్తగా నీలం చుక్క.

బల్ల మీద ఒక సిరంజి.

వేలితో ముట్టుకున్నాను. చల్లదనం పూర్తిగా పోయింది... ఇప్పటిదాకా ఎవరో అరచేతుల్లో పెట్టుకున్నట్టు, వెచ్చగా ఉంది.