గానుగెద్దు అడుగులు

ఆ ఫొటో ఎవరిదో ముందే తెలిసుంటే అతను నోరు మెదిపేవాడు కాదు. కానీ తెలియకూడదన్నదే అక్కడి పద్ధతి.

అతని అక్క నడిపే ఫ్రేముల షాపు పైగదిలో ప్రతి ఆదివారం ఫొటో క్లబ్ కూర్చుంటుంది. అందరూ సెలవు రోజున సరదాగా కెమెరా పట్టుకునేవాళ్ళే. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒక్కో ప్రింటూ స్టాండు మీద పెడతారు. దాని మీద పేరుండదు. చూసినవాళ్ళు అభిప్రాయం చెప్పాలి, తీసినవాళ్ళు మాత్రం కడుపు ఎంత మండినా పెదవి విప్పకూడదు. "దగ్గరికొచ్చి చూసి మాట్లాడండి" అని మాస్టారు ప్రతిసారీ అంటారు. ఎవరూ కుర్చీలోంచి లేవరు.

ఆ ఆదివారం అన్నీ ఎడారి ఫొటోలే. క్లబ్బంతా బస్సు మాట్లాడుకుని వెళ్ళొచ్చిన ట్రిప్పు మరి. ఇసుక, ఆకాశం, మళ్ళీ ఇసుక, మళ్ళీ ఆకాశం. ఇద్దరు సభ్యులు అప్పటికే కునుకు తీస్తున్నారు. అప్పుడొచ్చింది ఒక బ్లాక్ అండ్ వైట్ ప్రింటు. వాలుపొద్దు వెలుగులో పెద్ద ఇసుక దిబ్బ. దాని మీదికి ఒక అడుగుల వరస ఎక్కి, ఒకేచోట గుండ్రంగా తిరిగి తిరిగి, మళ్ళీ కిందికి దిగింది.

"నువ్వు చెప్పవోయ్" అన్నారు మాస్టారు అతన్ని చూసి.

అతను కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షిస్తాడు. అందుకని అతని కంటికి క్లబ్బులో కాస్త గౌరవం ఎక్కువ. ఆ గౌరవమే కొంప ముంచింది.

"వెలుగు బాగుందండి. దిబ్బ వంపు ఇంకా బాగుంది. ఆ అడుగులే అన్యాయం. ఎవడో గానుగెద్దులా గిరగిరా తిరిగి అంతా పాడుచేశాడు. కింద సగం కత్తిరించేస్తే ఫొటో బతుకుతుంది."

అందరూ నవ్వారు, అనౌన్సర్ తప్ప. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో ఊరందరికీ చెప్పే అమ్మాయి ఆమె. ఇప్పుడు ఆమె ఒళ్ళో ఉన్న కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఫొటో ఆమెదేనని అతనికప్పుడు అర్థమైంది. ఆమె కంట పడాలనే కదా అతను ప్రతి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చేది.

తరవాతి ఫొటో అతనిదే. ఈసారి మాస్టారు ఆమెనడిగారు.

"శుభ్రంగా ఉంది. ఎప్పటిలాగే ఎవరూ లేరు" అంది ఆమె.

అతను రూలు మరచిపోయాడు. "ఎడారిలో ఎవరుంటారండీ?"

"ఉన్నారు. మీకు కనపడలేదు."

మెట్లు దిగుతున్నప్పుడు ఆమె ఆగింది. "నిజంగానే సగం కత్తిరించాలా?"

"సగం కాకపోయినా... మూడో వంతు చాలండి."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆమె "థాంక్సండీ" అని వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు.

అతనికి ఏమీ అర్థం కాలేదు. ఫొటో బాగాలేదంటే అలిగే మనిషి కాదామె. అంతకుముందు ఆమె తీసిన ఒంటెను చూసి మాస్టారు "సోఫాలా ఉంది" అంటే అందరికంటే ఎక్కువ నవ్వింది. మరి ఇప్పుడేమైంది? సాయంత్రాలు పని అయ్యాక బస్టాండు మీదుగా నడిచేవాడు. లోపలినుంచి ఆమె గొంతు ఒక్కో బస్సు సంగతి రెండేసి సార్లు చెప్పేది. ఎంక్వయిరీ కిటికీ దాకా వెళ్ళి, ఏమని మొదలుపెట్టాలో తెలియక తిరిగొచ్చేవాడు. ఆమె ఇక రాదేమోనన్న భయం మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది.

"మొహం అలా వేలాడేశావేంట్రా?" అంది అక్క ఒక సాయంత్రం. "ఎవరికైనా తప్పు నంబరు అద్దాలిచ్చావా?"

"అలాంటిదేం లేదులేవే."

"అయితే ఊరికే కూర్చోకుండా ఈ గాజు తుడువు."

బల్ల మీద అదే ఫొటో, పెద్ద సైజులో.

"ఆ అనౌన్సర్ అమ్మాయి ఇచ్చి వెళ్ళింది. అంగుళం కూడా కత్తిరించొద్దని మరీ మరీ చెప్పింది. ఎగ్జిబిషన్‌కా అనడిగితే, కాదు నా గదిలోకి అంది."

"ఎవడో వెధవ తొక్కి పాడుచేసిన ఫొటో. ఇంత ఇష్టం ఎందుకో దీని మీద" అంటూ అతను వంగి చూశాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

ఎక్కేటప్పుడు రెండు కాళ్ళకీ చెప్పుల గుర్తులున్నాయి. దిగేటప్పుడు ఒక చెప్పు, ఒక వట్టి పాదం. ఐదు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి.

"అక్కా, ట్రిప్పు నుంచి నేనెలా వచ్చాను?"

"ఒంటి చెప్పుతో వచ్చావు. ఎందుకురా అంటే చెప్పలేదు."

ఎలా చెబుతాడు? ఆ రోజు ఆమె లెన్స్ మూత గాలికి దొర్లిపోయింది. "పోతే పోయిందిలెండి" అని ఆమె ఎదురు దిబ్బ ఎక్కింది. అతను వెతికాడు. తిరిగిన చోటే తిరిగి, ఇసుకంతా కెలికి, మూత సంపాదించి చెప్పు పోగొట్టుకున్నాడు. మూతను ఆమె బ్యాగు జేబులో పడేసి, ఎవరూ చూడలేదని మురిసిపోయాడు. తను తిరిగిన చుట్లు ఎదురు దిబ్బ మీదినుంచి ఎలా కనపడతాయో అతనికేం తెలుసు.

విషయం విన్న అక్క ఫొటో వైపు చూసింది, తమ్ముడి కాళ్ళ వైపు చూసింది, కుర్చీలో కూలబడి నవ్వింది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదేరా."

"ఫ్రేము నేనే ఇచ్చొస్తాను."

"వెళ్ళు. నాకా అమ్మాయి నచ్చింది, అంగుళం కూడా వదులుకునే రకం కాదు. ఒరేయ్, చెప్పులు రెండూ వేసుకెళ్ళు."

బస్టాండు ఎంక్వయిరీ కిటికీ అద్దం అవతల ఆమె మైకు ఆపి తలెత్తింది. "మళ్ళీ ఫీడ్‌బ్యాకా?"

"అవునండి. ఈసారి దగ్గరికెళ్ళి చూశాను. ఆ అడుగులు తీసేస్తే ఫొటోలో ఏమీ మిగలదు."

ఆమె ఫ్రేము వైపు చూస్తూ మాట్లాడింది. "మూత తెచ్చిపెట్టి మీరొక్క మాట చెప్పలేదు. నేనూ మాట లేకుండా ఈ ఫొటోతోనే చెబుదామనుకున్నాను. మీరేమో పదిమందిలో కత్తిరించేయమన్నారు. నా సంగతి అర్థమయ్యే వద్దంటున్నారనుకున్నాను."

"ఆ ఎద్దు నేనేనని నాకు తెలియలేదండి. మరి నా ఫొటోలో ఎవరూ లేరని ఎందుకన్నారు?"

"ట్రిప్పంతా నేను మీ పక్కనే ఉన్నాను. కెమెరా ఎత్తినప్పుడల్లా 'కాస్త జరగండి, ఫ్రేములోకి వస్తున్నారు' అన్నదెవరు?"

అన్నాడు. ఎన్నిసార్లన్నాడో తలచుకుంటే సిగ్గేసింది.

"నాకు మీరంటే చాలా ఇష్టమండి" అన్నాడు.

ఆమె మైకు ఆగి ఉందో లేదో మరోసారి చూసుకుంది. అతనికి మళ్ళీ కంగారు పుట్టింది.

"ఏదో ఒకటి అనండి."

"ఇక్కడ ఏదైనా రెండుసార్లు చెప్పాలి. ఒక్కసారే చెబితే బస్సు తప్పిపోతుంది."

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి తడబడలేదు.

"నాకూనండి" అంది ఆమె. ఒక క్షణం ఆగి, ఉద్యోగ ధర్మం ప్రకారం, "నాకూను" అంది.

అతని వెనక వరసలో ఒక పెద్దావిడ సంచీ మార్చి పట్టుకుంది. "బాబూ, కాస్త జరుగుతావా? నా బస్సెక్కడుందో కనుక్కోవాలి."

అతను పక్కకి జరగబోయాడు.

"ఆయన్ని అక్కడే ఉండనివ్వండి పెద్దమ్మా" అంది అనౌన్సర్. "మీ బస్సేదో చెప్పండి."